దస్తర్‌ఖాన్‌పై హలాల్ ఉంది, తయ్యిబ్ ఉందా?

 

 

కొన్నేళ్ల క్రితం జహీరాబాదులో ఒక శుక్రవారం జుమా నమాజు తరువాత ఒక పెద్దమనిషి మా దగ్గరికి వచ్చి మెల్లగా కూర్చున్నారు. అందరూ వెళ్లేదాకా ఆగి తన బాధ చెప్పుకున్నారు. ఆయన కూతురికి పంతొమ్మిదేళ్లు. నెలలు గడుస్తున్నా నెలసరి రావడం లేదు. గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నాయి. ఒళ్లు లావెక్కుతోంది. రెండు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి. ఇంట్లో ఆడవాళ్లు నజర్ తగిలిందని అంటున్నారు. “మౌలానా సాబ్, నీళ్ల మీద ఏదైనా చదివి ఇవ్వండి” అన్నారు.

మేము చదివి ఇచ్చాము. దుఆ చేశాము. సబ్ర్ వహించమని చెప్పి పంపాము. ఆ రోజు మా బాధ్యత తీరిందనే అనుకున్నాము.

ఆరు నెలల తరువాత ఆయన మళ్లీ వచ్చారు. అమ్మాయి కళ్లు తిరిగి పడిపోతే డాక్టరుకు చూపించారట. రక్తం తక్కువగా ఉంది. షుగరు హద్దు దాటడానికి సిద్ధంగా ఉంది. పి.సి.ఓ.ఎస్. అనే హార్మోన్ల సమస్య ఉందని తేలింది. ఆయన మమ్మల్ని నిందించలేదు. ఒకే ఒక్క మాట అడిగారు: “ఆ రోజే డాక్టరు దగ్గరికి కూడా వెళ్లమని మీరు చెప్పి ఉంటే?”

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. దుఆ చేయడం తప్పు కాదు. దుఆతో పాటు చేయవలసిన పనిని చెప్పకపోవడం మా తప్పు. ఈ వ్యాసం ఆ తప్పుకు మేము చేసుకుంటున్న తౌబాలో ఒక భాగం అనుకోండి.

ఆయన ఇంకొక సంగతి కూడా చెప్పారు. అమ్మాయి ఏం తింటుందని డాక్టరు అడిగితే తల్లి తల దించుకుందట. పొద్దున చాయ్, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం ఇంట్లో మగవాళ్లు, పిల్లలు తిన్న తరువాత మిగిలిన అన్నం, సాలనులో అడుగున ఉన్న పులుసు. సాయంత్రం మళ్లీ చాయ్, దుకాణంలో కొన్న మిక్చరు. ఆ ఇంట్లో హరాం ముద్ద ఒక్కటీ లేదు. అయినా ఆ పిల్ల శరీరం ఆకలితో ఉంది.

అల్లాహ్ అడిగినవి రెండు

మాంసం కొనేటప్పుడు జబహ్ చేసింది ఎవరని మనం అడుగుతాం. సంపాదన ధర్మసమ్మతమైనదా కాదా అని ఆలోచిస్తాం. ఇది ఈమాన్ లక్షణమే, అల్‌హమ్దులిల్లాహ్. అయితే దివ్య ఖుర్‌ఆన్‌లో అల్-బఖరా సూరా 168వ ఆయతులో అల్లాహ్ మానవులందరినీ సంబోధిస్తూ, భూమిలో ఉన్నవాటిలో హలాల్ అయినవి, తయ్యిబ్ అయినవి తినమన్నాడు. అల్-మాయిదా సూరా 88వ ఆయతులోనూ ఈ రెండు పదాలూ జంటగానే వచ్చాయి. మనం మొదటి పదాన్ని పట్టుకున్నాం, రెండవదాన్ని దస్తర్‌ఖాన్ కింద మరచిపోయాం.

తయ్యిబ్ అంటే ఏమిటి? ప్రఖ్యాత వ్యాఖ్యాత ఇమామ్ ఇబ్నె కసీర్ (రహ్మ) అల్-బఖరాలోని ఆ ఆయతును వివరిస్తూ, స్వయంగా ఇంపైనది, శరీరానికీ బుద్ధికీ హాని చేయనిది అనే భావం చెప్పారు. దీన్నిబట్టి ఆలోచించండి. సీసాలోని రంగు షర్బత్తులో మద్యం లేకపోవచ్చు. నూనెలో మళ్లీ మళ్లీ కాగిన సమోసాలో నిషిద్ధ మాంసం లేకపోవచ్చు. కానీ షుగరు ఉన్న మనిషికి రోజూ అవే పెడితే అవి అతని శరీరానికి హాని చేయకుండా ఉంటాయా? అల్-బఖరా సూరా 195వ ఆయతులో మన చేతులతో మనల్ని మనం వినాశనంలో పడవేసుకోవద్దని హెచ్చరిక ఉంది. ఆ ఆయతు అల్లాహ్ మార్గంలో ఖర్చు చేసే సందర్భంలో వచ్చినా, అందులోని నియమాన్ని ధర్మవేత్తలు శరీర రక్షణకూ వర్తింపజేశారు.

హార్మోన్లు: అల్లాహ్ పెట్టిన తూకం

హార్మోన్ అనే మాట వినగానే మన ఇళ్లలో గొంతు తగ్గించి మాట్లాడతారు. నిజానికి ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. శరీరంలోని కొన్ని గ్రంథులు తయారు చేసి రక్తంలోకి పంపే సందేశాలే హార్మోన్లు. మెడ దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథి పంపే హార్మోన్ శరీరం ఎంత వేగంగా పని చేయాలో నిర్ణయిస్తుంది. క్లోమం నుండి వచ్చే ఇన్సులిన్ రక్తంలోని చక్కెరను కణాల్లోకి చేరుస్తుంది. స్త్రీల అండాశయాలు పంపే హార్మోన్లు నెలసరిని, గర్భధారణను నడిపిస్తాయి. ఇవన్నీ కొద్దిపాటి పరిమాణంలోనే ఉంటాయి. ఆ తూకం తప్పితే మనిషి జీవితమే తారుమారవుతుంది. ఆకాశాన్ని ఎత్తి త్రాసును నెలకొల్పానని, తూకంలో హద్దు మీరవద్దని అర్-రహ్మాన్ సూరాలో ప్రభువు చెప్పాడు. ఆ తూకం మన ఒంట్లోనూ ఉంది.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి చూద్దాం. తెల్ల అన్నం, మైదా, చక్కెర త్వరగా అరిగి రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచుతాయి. దాన్ని అదుపు చేయడానికి ఇన్సులిన్ ఎక్కువగా విడుదలవుతుంది. రోజూ ఇలాగే జరుగుతూ, ఒంటికి శ్రమ లేకుండా పోతే, కొంతకాలానికి కణాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. అప్పుడు శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఆ అధిక ఇన్సులిన్ అండాశయాలను ప్రేరేపించి పురుష హార్మోన్లను పెంచుతుంది. నెలసరి తప్పడానికి, ముఖం మీద వెంట్రుకలకు, మొటిమలకు మూలం అక్కడ ఉంది. వంశపారంపర్యం కూడా ఇందులో ఉంటుంది. సన్నగా ఉన్న ఆడపిల్లలకూ ఇది వస్తుంది. కాబట్టి ఎక్కువ తిని తెచ్చుకుందని ఏ బిడ్డనూ నిందించకండి. ప్రసవ వయసులో ఉన్న ప్రతి పది మంది స్త్రీలలో దాదాపు ఒకరికి ఈ సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారిలో చాలామందికి తమకు ఈ సమస్య ఉన్నట్టే తెలియదు.

మగవారు ఇది ఆడవారి సంగతి అనుకోవద్దు. షుగరు కూడా హార్మోన్ సమస్యే. భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని ఆ సర్వే అంచనా వేసింది. మన మస్జిదులో కుర్చీల మీద నమాజు చేసే వరుస ఏటేటా ఎందుకు పొడవవుతోందో ఒకసారి ఆలోచించండి.

జల్లెడ లేని వంటిల్లు

మన ప్రియ ప్రవక్త (సఅసం) ఇంట్లో ఏం తినేవారు? సహీహ్ బుఖారీలో ఒక ఉల్లేఖనం ఉంది. హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి)ను దైవప్రవక్త (సఅసం) తెల్లని మెత్తని పిండి రొట్టె తిన్నారా అని అడిగారు. ప్రవక్తగా నియమితులైన నాటి నుండి మరణించే దాకా ఆయన దాన్ని చూడనే లేదని సహల్ (రజి) చెప్పారు. మీ దగ్గర జల్లెడలు ఉండేవా అని అడిగితే, లేవన్నారు. మరి జల్లించని యవల పిండి ఎలా తినేవారని అడిగితే, విసిరి ఊదేవాళ్లమని, ఎగిరిపోయే పొట్టు ఎగిరిపోగా మిగిలినదాన్ని తడిపి తినేవాళ్లమని వివరించారు.

ఆ రోజుల్లో అది పేదరికమే. దానిని మేము దాచడం లేదు. కానీ నేడు వైద్యులు ఏమంటున్నారు? ధాన్యంలోని పీచు, ఇనుము, బి విటమిన్లు ఎక్కువగా ఉండేది పొట్టులోనూ మొలకలోనూ అని, వాటిని తీసేస్తే మిగిలేది ఎక్కువగా పిండిపదార్థమే అని చెబుతున్నారు. పీచు ఉన్న ఆహారం మెల్లగా అరుగుతుంది, చక్కెర మెల్లగా రక్తంలో కలుస్తుంది, ఇన్సులిన్‌పై భారం తగ్గుతుంది.

హజ్రత్ ఆయిషా (రజి) రోగులకూ, ఆప్తుల్ని కోల్పోయి దుఃఖంలో ఉన్నవారికీ తల్బీనా అనే యవల జావ కాచి ఇమ్మని చెప్పేవారు. అది రోగి గుండెకు ఊరటనిస్తుందని ప్రవక్త (సఅసం) చెప్పగా తాను విన్నానని తెలిపారు. ప్రవక్త (సఅసం) తాజా ఖర్జూరాలను దోసకాయతో కలిపి తినడం తాను చూశానని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జఅఫర్ (రజి) ఉల్లేఖించారు. తీపి పండుకు తోడు నీరున్న కాయ! మన పళ్లెంలో తీపికి తోడుగా ఏముంటుంది? ఇంకో తీపి!

ఇక పరిమాణం సంగతి. మనిషి నింపే పాత్రల్లో కడుపు కన్నా చెడ్డది లేదని, నడుము నిలబడేందుకు కొన్ని ముద్దలు చాలునని, అంతకు మించి తినక తప్పకపోతే మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు ఉంచుకోవాలని ప్రవక్త (సఅసం) బోధించిన సారాంశం తిర్మిజీలో ఉంది. తినండి, తాగండి, మితిమీరకండి అనే దైవాదేశం అల్-ఆరాఫ్ సూరా 31వ ఆయతులో ఉంది. దావత్తుల్లో మూడోసారి బిర్యానీ వడ్డించుకునేటప్పుడు ఈ ఆయతు మనకు గుర్తుకు రావాలి.

మన నేలలోనే ఉన్న వరం

యవలు మదీనా నేలలో పండేవి. మరి మన జహీరాబాదు నేలలో అల్లాహ్ ఏం పండించాడు? జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు, వాటి మధ్య సాళ్లలో కంది, పెసర, అలసంద, నువ్వులు. మన నానీలు, దాదీలు జవారీ రోటీ చేతితో తట్టి, అంబాడే కీ భాజీ, అంటే మన గోంగూరతో పెట్టేవారు. 1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆకలితో ఉన్న ఇళ్లకు అది పెద్ద మేలే. అయితే నెమ్మదిగా పూటపూటకీ తెల్ల అన్నమే తిండి అయింది, జొన్న రొట్టె పేదవాడి తిండి అని ముద్ర పడింది.

అదే 1983లో ఇక్కడ పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. చుట్టుపక్కల గ్రామాల పేద స్త్రీలు, ఎక్కువగా దళిత స్త్రీలు, సంఘాలుగా ఏర్పడ్డారు. బీడు పడిన భూముల్లో చిరుధాన్యాలు పండించారు. తమ విత్తనాలు తామే దాచుకున్నారు. ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద విత్తనాలు అలంకరించుకొని ఊరూరా పాత పంటల జాతర జరిపారు. 2008లో మాచునూరులో తమ సొంత సంఘం రేడియో ప్రారంభించారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వారికి దక్కింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ప్రపంచం ఈ పంటల వైపు చూస్తున్నప్పుడు, పక్కనే ఉన్న మనం వాటిని మరచిపోవడం ఏం న్యాయం? ఆ స్త్రీలు మన ధర్మం వారు కాకపోవచ్చు. మంచి ఎక్కడున్నా గ్రహించడం విశ్వాసికి తగిన పని. పొరుగువారి చేతి పంట కొనడంలో వారికి ఉపాధి, మనకు ఆరోగ్యం రెండూ ఉన్నాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, జొన్న మంచిదని ఒక్క జొన్నతోనే బతకవద్దు. 1960లో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరుడు హైదరాబాదు ప్రాంతంలో జొన్నే ప్రధాన ఆహారంగా ఉన్న పేదల్లో పెల్లాగ్రా అనే వ్యాధి గురించి రాశారు. ఒక బి విటమిన్ లోపం వల్ల చర్మం నల్లబడి పొలుసులూడే జబ్బు అది. కాబట్టి రొట్టెతో పాటు పప్పు, ఆకుకూర, పాలు లేదా గుడ్డు, పల్లీలు తప్పక ఉండాలి. రెండవది, సజ్జలోని కొన్ని పదార్థాలు థైరాయిడ్ పనికి అడ్డుపడగలవు, ముఖ్యంగా అయోడిన్ తక్కువైన చోట. థైరాయిడ్ ఉన్నవారు సజ్జనే రోజువారీ తిండిగా చేసుకోకుండా ధాన్యాలు మార్చి మార్చి తినాలి. వంటకు అయోడిన్ ఉప్పే వాడాలి, దాన్ని మూత ఉన్న డబ్బాలో ఉంచాలి, మితంగా వేయాలి.

2025 ఏప్రిల్ నుండి తెలంగాణలో రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇస్తున్నారు. దానికి అల్లాహ్‌కు షుక్ర్ చేద్దాం. బియ్యం మానేయమని మేము చెప్పడం లేదు. రెండు పూటల్లో ఒక పూటైనా రొట్టెకు మారుద్దాం, అన్నం తగ్గించి పప్పు, కూర పెంచుదాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా రోజు తిండిలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలనే చెబుతున్నాయి.

ముందు ఎవరికి వడ్డిస్తున్నాం?

సోదరులారా! ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాము. ఆ అమ్మాయి ఇంట్లో మాంసం వండలేదా? వండారు. పప్పు లేదా? ఉంది. అవి ఆమె దాకా రాలేదు. మన ఇళ్లలో కోడళ్లు, కూతుళ్లు చివరన తినడం ఒక మర్యాదగా మారిపోయింది. అది దీన్ నేర్పిన మర్యాదేనా?

ఒక సహాబీ, హజ్రత్ ముఆవియా అల్-ఖుషైరీ (రజి), భార్యకు మాపై ఉన్న హక్కు ఏమిటని ప్రవక్త (సఅసం)ను అడిగారు. జవాబులో మొట్టమొదట వచ్చింది తిండే: నువ్వు తిన్నప్పుడు ఆమెకూ తినిపించు అనే భావం. ఈ హదీసు అబూ దావూద్‌లో ఉంది. మిగిలితే పెట్టు అని ఇందులో లేదు. మరొకసారి సహచరులు ఎంత తిన్నా కడుపు నిండటం లేదని మొరపెట్టుకుంటే, విడివిడిగా తింటున్నారేమోనని అడిగి, కలిసి తినమని, అల్లాహ్ పేరు తలచుకోమని, అందులో బర్కత్ ఉందని ప్రవక్త (సఅసం) చెప్పారు. మహర్రం లేని అతిథులు ఉన్నప్పుడు వేరుగా కూర్చోవలసి వస్తే, ఆడవారి భాగం ముందే తీసి పక్కన పెట్టండి. గిన్నె అడుగు వారి భాగం కాదు.

నెలనెలా రక్తం కోల్పోయేది, కడుపులో బిడ్డను మోసేది, పాలిచ్చేది స్త్రీ. ఇనుము, ప్రోటీను ఎక్కువ అవసరమైన మనిషికి తక్కువ పెట్టి, ఆ తరువాత నజర్ తగిలిందనడం ఎంతటి అన్యాయమో ఆలోచించండి. ప్రళయదినాన మన పోషణలో ఉన్నవారి గురించి మనల్ని ప్రశ్నిస్తారు.

దుఆ, దవా రెండూ

వైద్యం చేయించుకోండి, అల్లాహ్ ఏ వ్యాధినీ దాని మందు లేకుండా సృష్టించలేదు, ముసలితనం తప్ప అని ప్రవక్త (సఅసం) చెప్పిన భావం అబూ దావూద్‌లో ఉంది. అందువల్ల డాక్టరు దగ్గరికి వెళ్లడం తవక్కుల్‌కు వ్యతిరేకం కాదు. మూడు నెలలు నెలసరి రాకపోయినా, రక్తం అతిగా పోయినా, గొంతు దగ్గర వాపు కనిపించినా, కారణం లేకుండా బరువు పెరిగినా తగ్గినా, దాహం, మూత్రం ఎక్కువైనా ఆలస్యం చేయకండి. మహిళా వైద్యులు కావాలంటే అడగండి. అది మీ హక్కు.

ఆహారం మందుకు తోడు, మందుకు బదులు కాదు. ఇన్సులిన్ తీసుకునేవారు, థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఈ వ్యాసం చదివి మందు మానేస్తే మా మీద పెద్ద భారం పెట్టినవారవుతారు. థైరాయిడ్ మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకోవాలి, అరగంట నుండి గంట దాకా చాయ్ కూడా తాగరాదు. ఐరన్, కాల్షియం మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. రమజాన్‌లో మాత్ర వేళ గురించి నెల రాకముందే డాక్టరుతో మాట్లాడుకోండి. పేరు, పదార్థాలు రాయని పొట్లాల పొడులను ఎవరిచ్చినా, మా వంటి జుబ్బా వేసుకున్నవారు ఇచ్చినా, నమ్మకండి.

బరువు ఎక్కువగా ఉన్న పి.సి.ఓ.ఎస్. రోగులు ఉన్న బరువులో 5 నుండి 10 శాతం తగ్గించుకున్నా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. తగిన వైద్యంతో ఎందరో తల్లులవుతున్నారు. సంబంధం చూడటానికి వెళ్లినవారు అలాంటి బిడ్డను లోపం ఉన్న వస్తువులా చూడకండి. సంతానం ఇచ్చేదీ ఇవ్వనిదీ అల్లాహ్ చేతిలో ఉందని అష్-షూరా సూరా చివరి ఆయతుల్లో స్పష్టంగా ఉంది.

ఈ రోజు నుండే చేయదగినవి

పొద్దున చాయ్ బిస్కెట్టుకు బదులు పిల్లలకు గుడ్డు, లేదా నానబెట్టిన పెసలు, శనగలు, లేదా తైదల జావ పెట్టండి. చాయ్‌లో చక్కెర సగానికి తగ్గించండి, అన్నం తిన్న వెంటనే చాయ్ తాగవద్దు, అది ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుకుంటుంది. ఆకుకూర, పప్పు మీద నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా పడుతుంది. పిండి గిర్నీలో పట్టించాక మెత్తగా జల్లించి పొట్టు పారేయకండి. వనస్పతి, పలుమార్లు కాగిన నూనె మానండి. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్లు, పండ్లతో ముగించి మగ్రిబ్ చదివి, తరువాత భోజనం చేయండి. బజ్జీలు రోజూ అక్కరలేదు. అసర్ తరువాత అరగంట నడవండి. ఆడపిల్లలకూ నడిచే వీలు, ఇంటి మేడ మీదైనా సరే, కల్పించండి. ఇషా తరువాత ఫోను పక్కన పెట్టి పెందలాడే పడుకోండి, నిద్ర చెడితే హార్మోన్ల తూకమూ చెడుతుంది.

ఆ పెద్దమనిషి ఇటీవల కలిశారు. కూతురు మందులు వాడుతోంది, ఇంకా బాగవలసింది ఉంది. “ఇప్పుడు మా ఇంట్లో రొట్టె ముందు దానికే వేస్తాం మౌలానా సాబ్” అన్నారు. మేము ఆమె కోసం ఆ రోజు చేసిన దుఆయే మళ్లీ చేశాము. ఈసారి మనసుకు నిబ్బరంగా అనిపించింది.

ఓ అల్లాహ్! మా ఆహారాన్ని హలాల్‌గానూ తయ్యిబ్‌గానూ చెయ్యి. మా శరీరాలు నీ అమానతు అని గుర్తుంచుకునే బుద్ధి ఇవ్వు. మా ఇళ్లలోని ఆడబిడ్డల హక్కు తీర్చే మనసు ఇవ్వు. రోగులందరికీ షిఫా ప్రసాదించు. ఆమీన్.